మూడు పట్టీల ఊరు

సిమ్‌సిటీ మొదలుపెట్టగానే మనకు దొరికేది ఖాళీ నేల, ఓ పక్క నీళ్ళు, కాసిని చెట్లు. మూలన చిన్న సూచిక ఒకటి ఉంటుంది. అందులో మూడు పట్టీలు. ఆకుపచ్చది ఇళ్ళది, నీలం దుకాణాలది, పసుపుది కర్మాగారాలది. పట్టీ పైకి లేచిందంటే ఆ రకం జాగా ఇంకా కావాలి. కిందికి దిగిందంటే ఉన్నదే ఎక్కువైంది. రోడ్డు వేసి, కరెంటు లాగి, పక్కన ఇన్ని గళ్ళు పసుపు, ఇన్ని గళ్ళు ఆకుపచ్చ గీసి వదిలేస్తే కాసేపటికి ఊరు దానంతటదే లేవడం మొదలవుతుంది. ఇక అక్కణ్ణుంచి ఆటంతా ఆ పట్టీల వెంట పరుగే.

పెళ్ళిలో బంతి భోజనాలు నడిపిన వాళ్ళకు ఈ పరుగు కొత్త కాదు. విస్తళ్ళు వేస్తే కూర్చునేవాళ్ళు చాలరు, జనం వచ్చి నిలబడితే విస్తళ్ళు చాలవు. కర్మాగారాలు కట్టామా, పనివాళ్ళు లేరని ఆకుపచ్చ పట్టీ లేస్తుంది. ఇళ్ళు కట్టామా, వచ్చినవాళ్ళకు పని లేదని పసుపు పట్టీ లేస్తుంది. ఇద్దరికీ సరిపెట్టేసరికి కూరగాయలు, బట్టలు కొనుక్కునే చోటు లేదని నీలం పట్టీ. మూడూ ఒకేసారి సున్నా దగ్గర నిలబెడదామని కొత్తగా ఆడేవాళ్ళంతా ప్రయత్నిస్తారు. కుదరదు. కుదిరిందే అనుకోండి, ఆ క్షణం నుంచి ఊళ్ళో ఏమీ జరగదు. కొత్త గోడ లేవదు, కొత్త దీపం వెలగదు. ఆట నడవాలంటే ఎప్పుడూ ఎవరో ఒకరు ఎదురుచూస్తూనే ఉండాలి: మనిషి కోసం ఇల్లో, పని కోసం మనిషో.

ఈ ఆటను 1989లో విల్ రైట్ అనే అమెరికన్ తయారుచేశాడు. అంతకు ఐదేళ్ళ ముందు హెలికాప్టర్లో తిరుగుతూ దీవుల మీద బాంబులు వేసే ఆట ఒకటి రాశాడు. ఆ దీవుల మీద రోడ్లు, ఫ్యాక్టరీలు పేర్చడానికి తన పనికోసం చేసుకున్న పనిముట్టుతో ఆడుకోవడమే, వాటిని పేల్చడం కంటే ఎక్కువ సరదాగా ఉందని గమనించాడు. గెలుపూ ఓటమీ లేని ఆటను ఎవడు కొంటాడని ప్రచురణకర్తలు వెనకాడారు. కొన్నవాళ్ళు మాత్రం ఇప్పటికీ ఆడుతూనే ఉన్నారు. మా ఇంట్లో రెండు తరాలు ఆడుతున్నాయి. నేను పాతది, మా అమ్మాయి దాని మనవరాలి వరస అనదగ్గ సిటీస్ స్కైలైన్స్. మూడో తరం, అంటే మా బాపు, వెనక కుర్చీలో కూర్చుని చూస్తాడు.

పట్టీల వెనక ఏ లెక్క ఉందో తెలుసుకోవాలంటే దాచిపెట్టిందేమీ లేదు. పిల్లలకు చవక ల్యాప్‌టాప్‌లు అందించే ఒక కార్యక్రమం కోసం 2008లో మొదటి సిమ్‌సిటీ కోడును మైక్రోపొలిస్ అనే పేరుతో అందరికీ వదిలేశారు. కోడు చదవడమే నా బతుకుతెరువు కాబట్టి దాన్నీ తెరిచాను. అంత పెద్ద ప్రోగ్రాములో ఊరి ప్రాణమంతా ఒకే ఒక్క ఫంక్షన్లో ఉంది, ఒక పేజీ పట్టేంత.

అందులో ఉన్నది స్థూలంగా ఇది. దుకాణాల్లో, కర్మాగారాల్లో ఉన్న పనులను ఇళ్ళల్లో ఉన్న జనంతో భాగిస్తుంది. 1 కంటే ఎక్కువొస్తే బయటి నుంచి ఆ మేరకు జనం వస్తారు. తక్కువొస్తే ఉన్నవాళ్ళు ఆ మేరకు పోతారు. పుట్టుకల కింద నూటికి రెండు కలుపుతుంది. చావుల లెక్క లేదు. ఆ ఊళ్ళో ఎవరూ చావరు, వెళ్ళిపోతారంతే. తర్వాత అదే భాగహారాన్ని తిరగేసి, ఒక్కో పనికి ఎంతమంది మనుషులు ఉన్నారో చూస్తుంది. మనుషులు ఎక్కువుంటే కర్మాగారాలకు ఆశ పుడుతుంది, పసుపు పట్టీ లేస్తుంది. ఇళ్ళు పనిని లాగుతాయి, పని ఇళ్ళను లాగుతుంది. పన్ను 7 శాతం దగ్గర ఉంటే ఆ లాగుడుకు పెద్దగా అడ్డు రాదు. జనం పెరిగాక స్టేడియం కట్టకపోతే ఇళ్ళు, ఓడరేవు లేకపోతే కర్మాగారాలు, విమానాశ్రయం లేకపోతే దుకాణాలు ఒక హద్దు దగ్గర ఆగిపోతాయి. మనుషులు కొత్త ఊరికి రావడానికి స్టేడియం చూసుకుని వస్తారని రైట్ ఎందుకనుకున్నాడో ఆయనకే తెలియాలి.

అయితే అన్నిటికంటే పెద్ద సంఖ్య ఊరి లోపలిది కాదు. కర్మాగారాల లెక్కను ప్రతిసారీ 'బయటి మార్కెట్' అనే ఒక సంఖ్యతో గుణిస్తారు. సులువు స్థాయిలో ఆడితే అది 1.2. మధ్య స్థాయిలో 1.1. కష్టం స్థాయిలో 0.98. ఆడేవాడు రోడ్లు ఎంత వెడల్పు చేసినా, పార్కులు ఎన్ని పెట్టినా ఆ సంఖ్య కదలదు. ఎక్కడో బయట, మ్యాపులో కనిపించని లోకంలో, మన ఊళ్ళో తయారయ్యే సరుకు కావాలో వద్దో ముందే నిర్ణయమైపోయింది. 0.98 అంటే చూడ్డానికి పెద్ద తేడా కాదు. కానీ పదేపదే గుణిస్తూ పోతే పసుపు గళ్ళు ఒక్కొక్కటే మాసిపోతాయి. వాటి వెంట ఆకుపచ్చవీ.

అట్లా మాసిపోతున్న ఊరినొకదాన్ని చూస్తూ మా బాపు అడిగాడు. స్క్రీన్ మీద అపార్టుమెంటు కాస్తా చిన్న ఇళ్ళయింది, చిన్న ఇళ్ళూ పోయి 'ఆర్' అక్షరం రాసి ఉన్న ఖాళీ గడి మిగిలింది.

"ఇల్లు ఖాళీ చేసిన్రు సరే. ఏడికి పోయిన్రు?"

"ఎక్కడికీ పోరు బాపూ, లెక్కలోంచి తీసేస్తారు."

"గట్ల తీసేస్తే పోతరా మనుషులు!"

ఆయన సింగరేణిలో రిటైరైన మనిషి. గోదావరిఖనిలో బాయి పని. బయటివాళ్ళు గని అంటారు, అక్కడ అందరికీ బాయే. ఆయన అడిగితే ఊరికే అడిగినట్టు కాదు.

నేను పెరిగింది అక్కడి క్వార్టర్లలో. ఇంటికీ పనికీ మధ్య సమతూకం అంటే ఏమిటో పుస్తకం చదివి తెలుసుకోవలసిన అవసరం ఆ కాలనీ పిల్లలకు ఎప్పుడూ రాలేదు. సైరన్ కూస్తే ఊరు లేచేది, మళ్ళీ కూస్తే ఊరు తినేది. మూడు షిఫ్టులకు మూడు రకాల వీధి: తెల్లవారుజామున సైకిళ్ళు, మధ్యాహ్నం టిఫిన్ గిన్నెలు, రాత్రి షిఫ్టు చేసొచ్చినవాళ్ళ కోసం పగటిపూట మూసిన కిటికీలు, 'అరవకుండ్రి, కాక పన్నడు' అనే కసుర్లు. ఒక ఉద్యోగానికి ఒక క్వార్టర్. ఏ ఆటగాడూ గీయలేనంత నిక్కమైన ఒప్పందం. ఒక్క చిక్కే ఉంది. ఇంటి తాళం, పని తాళం ఒకటే. మస్టర్లో పేరు పోయిన మనిషికి గోడ మీద మేకు మీద కూడా హక్కుండదు. అందుకే అక్కడి తల్లిదండ్రులు కొడుకు పెళ్ళి గురించి ఎంత ఆలోచించేవాళ్ళో డిపెండెంట్ ఉద్యోగం గురించి అంతకు మించి ఆలోచించేవాళ్ళు. తండ్రి అన్‌ఫిట్ అయితే కొడుక్కి బాయిలో పని వస్తుంది. పని వస్తే క్వార్టర్ నిలబడే దారి ఉంటుంది. ఆకుపచ్చ, పసుపు పట్టీలను ఒక కుటుంబం తన భుజాల మీద మోయడం అంటే అదే. ఏ ఆటలోనూ పని వారసత్వంగా రాదు.

సింగరేణి కథ పాతదే. ఇల్లందు దగ్గర 1889లో బొగ్గు తీయడం మొదలైంది. ఆ తర్వాత గోదావరి గట్టు వెంట బాయిలు పడ్డకొద్దీ ఊళ్ళు లేచాయి. ఒకప్పుడు లక్ష దాటిన కార్మికులు ఇప్పుడు అందులో సగం కూడా లేరు. బొగ్గు తగ్గి కాదు, మనిషి లోపలికి దిగి తవ్వే బాయిల స్థానంలో యంత్రాలతో తోడే ఓపెన్ కాస్టులు వచ్చి. సరుకు పెరిగి పని తగ్గడం అనే ముచ్చట రైట్ లెక్కలో లేదు. అక్కడ కర్మాగారం ఎంత పెద్దదైతే అంతమంది పనివాళ్ళు.

ఎరువుల కర్మాగారం ముచ్చట ఇంకా దగ్గరగా సరిపోతుంది. రామగుండంలో బొగ్గుతో యూరియా చేసే ఎఫ్‌సీఐ ప్లాంటు 1980లో మొదలైంది. బొగ్గు పక్కనే, కరెంటు పక్కనే, నీళ్ళకు గోదావరి. ఆటలో అయితే ఇంతకంటే మంచి స్థలం ఎవరూ ఎంచుకోలేరు. 1999లో అది మూతపడింది. ఏ పట్టీ కిందికి దిగిందో ఊళ్ళోవాళ్ళకు ఎవరూ చూపించలేదు. 'బయటి మార్కెట్' అనే ఆ సంఖ్య ఢిల్లీ కాగితాల్లో ఎక్కడో 1 కంటే కిందికి పోయింది. ఆ టౌన్‌షిప్ నుంచి మా బడికి వచ్చే పిల్లలు ఉండేవాళ్ళు. వాళ్ళ కాలనీ మా కాలనీ కంటే పచ్చగా, రోడ్లు నున్నగా ఉండేవని మాకు కొంచెం కుళ్ళు. తర్వాత ఎప్పుడో అటు వెళ్తే క్వార్టర్ల గోడల్లోంచి రావిచెట్లు లేచి ఉన్నాయి.

కానీ వెళ్ళిపోవడం ఆటలోలాగా జరగలేదు. ప్లాంటు మూసిన మరుసటి నెల లారీలు కట్టుకుని అందరూ పోలేదు. కొందరు ఏళ్ళ తరబడి అక్కడే ఉన్నారు. మళ్ళీ తెరుస్తారన్న మాట ఎన్నికలకొకసారి వినపడేది. పిల్ల ఇంటర్ అయిపోనీ అని ఒకరు, అమ్మకు బాగోలేదు, ఈ గాలికి అలవాటుపడిందని ఒకరు, ఎక్కడికి పోవాలో తెలియక ఒకరు. మనుషులు పని ఉందని తెలిస్తే రేపే వస్తారు. పని పోయిందని తెలిసినా రేపే పోరు. రావడానికీ పోవడానికీ ఒకటే వేగం పెట్టడమే ఈ ఆటల్లో నాకు కనబడే అసలు అబద్ధం. మిగతా చిన్న చిన్న అబద్ధాలను క్షమించొచ్చు. 2013లో వచ్చిన సిమ్‌సిటీలో పొద్దున లేచిన మనిషి దగ్గరలో ఏ పని ఖాళీ ఉంటే అందులో దూరతాడు, సాయంత్రం దగ్గరలో ఏ ఇల్లు ఖాళీ ఉంటే అందులో పడుకుంటాడు. రోజుకో ఇల్లు, రోజుకో కొలువు. అదే ఆట తయారుచేసిన బృందం నిజం ఊళ్ళలో కారు పార్కింగులు ఎంత జాగా తింటాయో కొలిచి చూసి, అలాగే పెడితే ఊరంతా పార్కింగే అవుతుందని, అన్నీ భూమి కింద ఉన్నాయని అనుకోమంది. ఆట ఆటగా ఉండాలంటే ఇవన్నీ తప్పవు. కానీ పోయే మనిషికి ఒక్క రోజు కూడా తటపటాయించే వీలు ఇవ్వకపోవడం?

దీనికి మూలం వెతుక్కుంటూ పోతే బోస్టన్ తేలింది. 1960 నుంచి 1968 దాకా ఆ ఊరికి మేయర్‌గా చేసిన జాన్ కాలిన్స్, పదవి దిగాక ఎంఐటీలో ఒక గది తీసుకున్నాడు. పక్క గది జే ఫారెస్టర్‌ది. కంప్యూటర్ల తొలినాళ్ళలో వాటి జ్ఞాపకశక్తి కోసం అయస్కాంతపు పూసల అల్లిక కనిపెట్టిన ఇంజనీరు ఈయనే. తర్వాత కంపెనీల ఒడిదుడుకులను సమీకరణాలుగా రాయడం మొదలుపెట్టాడు. మేయరు చెప్పే ఊరి కష్టాలను కూడా అలాగే రాస్తే ఏమవుతుందని ఇద్దరూ కూర్చున్నారు. 1969లో 'అర్బన్ డైనమిక్స్' పుస్తకం వచ్చింది. ఇళ్ళు, పరిశ్రమలు, పనివాళ్ళు ఒకరినొకరు లాక్కుంటూ 250 ఏళ్ళ పాటు ఒక ఊరు ఎలా పెరిగి ఎలా కుంగుతుందో అందులో గీతలు గీసి చూపించాడు. విల్ రైట్ ఆ పుస్తకం చదివాడు. పట్టీల తాతగారు ఆ గీతలే.

ఫారెస్టర్ లెక్క చెప్పింది వింటే ఎవరికైనా కోపం వస్తుంది. పేదలకు చవక ఇళ్ళు కడితే ఊరు బాగుపడదు, పనిలేని వాళ్ళు మరింతమంది వచ్చి ఊరు కుంగుతుంది, కాబట్టి ఏటా పాత పేద ఇళ్ళలో కొంత భాగం కూల్చి ఆ జాగా పరిశ్రమలకు ఇవ్వాలి అని. ఆయన దుర్మార్గుడు కాదు. లెక్కను నమ్మిన మనిషి. కానీ ఆయన ఊరి చుట్టూ గీసిన గీత అవతల 'పరిసరం' అని ఒక అంతులేని ఖాళీ ఉంది. ఇల్లు కూలినవాళ్ళు అందులోకి పోతారు, పనివాళ్ళు కావాలంటే అందులోంచే వస్తారు. అక్కడ వాళ్ళు ఏం తిన్నారో, ఎక్కడ పడుకున్నారో లెక్కకు అక్కర్లేదు. శివారు ఊళ్ళు కూడా ఆ నమూనాలో లేవు. అప్పట్లోనే దీన్ని పట్టుకుని విమర్శించినవాళ్ళు ఉన్నారు. మా బాపు అడిగిన ప్రశ్న అదే. ఆయన బోస్టన్ పేరు విన్నది మాత్రం నా నోటనే.

మా అమ్మాయి ఆడే సిటీస్ స్కైలైన్స్ ఈ విషయంలో కొంత పెద్దమనిషి. ఫిన్లాండులో ఒక చిన్న బృందం తయారుచేస్తే 2015లో వచ్చింది. అందులో మనిషికో పేరు, ఇల్లు, పనిచోటు, వయసు ఉంటాయి. చావు కూడా ఉంటుంది. ఉంటే ఎట్లా ఉంటుంది! కొత్త కాలనీ గీయగానే ఒకే ఈడు జంటలు గుంపుగా దిగుతారు. చాలాకాలం కాలనీ కళకళలాడుతుంది. తర్వాత ఒక వారంలో అందరూ పోతారు. ఊరంతా శవవాహనాలే, శ్మశానాలు చాలవు. ఆటగాళ్ళు దాన్ని చావుల అల అంటారు. మా అమ్మాయి తల పట్టుకుంటే బాపు పగలబడి నవ్వాడు. ఆయన బాయి ఎక్కిన రోజుల్లో ఒకేసారి భర్తీ అయినవాళ్ళు ఒకే వరస క్వార్టర్లలో దిగారు. పెళ్ళిళ్ళు ఆ రెండు మూడేళ్ళలోనే, మేం పిల్లలం పుట్టింది ఆ రెండు మూడేళ్ళలోనే, రిటైరైంది కూడా అట్లాగే. ప్రతి నెలాఖరుకూ ఏదో ఒక ఇంటి ముందు డీసీఎం బండి, అందులో బీరువా, కుక్కర్ డబ్బా, తులసి కోట.

ఆ ఆటలో ఇంకో చిక్కు ఉంది, అది నాకు తగిలింది. బళ్ళు, కాలేజీలు ఎక్కువ కడితే ఊరి జనం చదువుకుంటారు. చదువు ఎక్కువైనవాళ్ళు మామూలు కర్మాగారంలో చేరడానికి మొగ్గుచూపరు. పక్కన ఇళ్ళు నిండుగా ఉంటాయి, కర్మాగారం మీద మాత్రం 'పనివాళ్ళు లేరు' అన్న గుర్తు వెలుగుతుంది. అంకె అంకెకు సరిపోయింది, మనిషికి పని సరిపోలేదు. బాయి ముఖం చూడొద్దని నన్ను ఇంజనీరింగు చదివించిన మనిషి వెనక కుర్చీలోనే ఉన్నాడు. ఆ గుర్తు సంగతి నేను ఆయనకు విడమరిచి చెప్పలేదు.

తూకం పూర్తిగా కుదిరితే ఎట్లా ఉంటుందో చూపించినవాడూ ఒకడున్నాడు. ఫిలిప్పీన్స్‌కు చెందిన ఒక ఆర్కిటెక్చర్ విద్యార్థి సిమ్‌సిటీ 3000లో మాగ్నసాంటి అనే ఊరు కట్టి 2010లో లోకానికి చూపించాడు. అరవై లక్షల జనం. రోడ్డనేది లేదు, అన్నీ భూగర్భ రైళ్ళే. ఎవరూ దూరం పోనవసరం లేదు, పోరు కూడా. అచ్చుగుద్దినట్టు ఒకే చదరం, మళ్ళీ అదే చదరం. పాడుబడ్డ ఇల్లు లేదు. జనం యాభై ఏళ్ళకే పోతారు, వేల ఏళ్ళపాటు ఆ ఊరు అలాగే ఉంటుంది. చేసినవాడు దాన్ని ఒక హెచ్చరికగానే చేశాడు. ఆ బొమ్మ చూసినప్పుడల్లా నాకు మాత్రం దానికి సైరన్ ఒక్కటే తక్కువ అనిపిస్తుంది.

ఇంకొక వెలితి నాకు హైదరాబాదు వచ్చాక కనబడింది. మేముండేది కోకాపేట వైపు. బాల్కనీలో నిలబడితే ఎటు చూసినా క్రేన్లే. ఆటలోనూ అంతే, గడి గీయగానే పునాది, గోడ, కప్పు. కాకపోతే నా బాల్కనీ కింద రేకుల షెడ్లు కూడా ఉన్నాయి. పొద్దున్నే వాటి ముందు ఒకే కుళాయి దగ్గర బకెట్ల వరస. నలభై అంతస్తుల్లో వందల ఇళ్ళు లేపుతున్న మనుషులకు ఆ ఊళ్ళో ఇల్లు లేదు. ఇళ్ళు కట్టే మనిషికి ఇల్లు కావాలన్న డిమాండు ఏ పట్టీలోనూ లేవదు, ఎందుకంటే ఆ ఆటల్లో ఇల్లు కట్టే మనిషే లేడు. బ్రెజిల్ వాళ్ళు కొత్త రాజధాని బ్రెజీలియాను విమానం ఆకారంలో ఎంతో ముద్దుగా గీసుకుని 1960లో ప్రారంభించారు. దాన్ని కట్టడానికి వచ్చిన కూలీలు ఎక్కడుండాలో ఆ గీతలో లేదు. రాజధాని ఇంకా పూర్తి కాకముందే, 1958లోనే, వాళ్ళ కోసం టగ్వాటింగ అనే శివారు ఊరు పుట్టింది. ఈ దేశంలో ఆనకట్టలు, కాలువలు, రోడ్లు కట్టిన పాలమూరు కూలీల సంగతి మన పాఠకులకు నేను చెప్పనక్కర్లేదు. వాళ్ళ ఊళ్ళో ఇల్లుంది, పని లేదు. పని ఉన్న చోటల్లా ఇల్లు లేదు. రెండు పట్టీలు రెండు రాష్ట్రాల్లో.

అద్దెల సంగతి కూడా ఒక మాట. సిటీస్ స్కైలైన్స్ రెండో ఆట 2023లో వచ్చినప్పుడు ఊళ్ళో ఎటు చూసినా 'అద్దె ఎక్కువ' అన్న మొర. ఆటగాళ్ళు గోల చేశారు. మరుసటి ఏడాది తయారీదారులు ఆర్థిక లెక్కలన్నీ తిరగరాస్తూ ఒక ముఖ్యమైన మార్పు చేశారు. ఇంటి ఓనర్లను తీసేశారు. భవనం ఖర్చును అందులో ఉండేవాళ్ళే పంచుకుంటారు. గొడవ సద్దుమణిగింది. మా అపార్టుమెంటు వాట్సాప్ గ్రూపులో ఈ కబురు పెడదామనుకుని మానుకున్నాను.

సరే, కోడు చేతిలో ఉన్నప్పుడు ఊరుకోలేం కదా. మైక్రోపొలిస్‌లో వలస లెక్క ఉన్న చోట ఒక షరతు రాశాను. పనులు జనం కంటే ఎక్కువైతే రావడం పాత వేగంతోనే. తక్కువైతే పోవడం మాత్రం పదో వంతు వేగంతో. పోవాలనుకున్నవాళ్ళలో ఎక్కువమంది ఈ ఏటికి ఆగుతారన్నమాట. కష్టం స్థాయి పెట్టి, బయటి మార్కెట్ 0.98 దగ్గర ఉంచి ఆట నడిపాను. ఊరు నిరుద్యోగంతో, బాకీలతో మునుగుతుందని నా అంచనా. పనిలేని ఊరి మీద జాలి పుట్టించే ఆట ఒకటి తయారవుతుందని లోపల్లోపల కొంచెం గర్వం కూడా.

జరిగింది వేరు. పసుపు పట్టీ కొంచెం కుంగి, తిరిగి లేవడం మొదలుపెట్టింది. ఎందుకో కోడులోకి వెళ్ళి చూస్తే తెలిసింది. పని పోయినా మనుషులు ఊళ్ళోనే ఉన్నారు కాబట్టి ఒక్కో పనికి మనుషుల నిష్పత్తి పెరిగింది. మనుషులు దొరికే ఊరని కర్మాగారాలకు ఆశ పుట్టింది. ఆ ఆశకు రైట్ ఒక హద్దు పెట్టాడు, 1.3. దాన్ని 0.98తో గుణిస్తే 1.27 పైమాటే. బయటి లోకం వద్దన్నా ఊరు లేస్తుంది. అంటే ఫారెస్టర్‌నూ రైట్‌నూ తిట్టుకుంటూ నేను వెతుకుతున్నది వాళ్ళ లెక్కలోనే ఓ మూలన ఉంది. పోకుండా నిలబడ్డ మనుషుల వల్ల పని తిరిగి రావచ్చు. వాళ్ళను వెంటనే మాయం చేసేయడం వల్ల మామూలు ఆటలో అది బయటపడదు, అంతే.

బాపుకు చెప్పాను. ఆయన సంతోషించలేదు.

"ఎరువుల ఫ్యాక్టరీ కాడ ఎంత మంది ఉన్నరు గట్ల నిలవడి? ఎన్నేండ్లకొచ్చె?"

వచ్చింది 2021లో. ఇరవై రెండేళ్ళకు. ఏడాదికి 12.7 లక్షల టన్నుల యూరియా చేసే కొత్త ప్లాంటు. ఎదురుచూసినవాళ్ళను చూసి వచ్చింది కాదు. గొట్టం లైన్లో గ్యాసు వచ్చింది, దాంతో అదీ వచ్చింది. పక్కనున్న బొగ్గు దానికి అక్కర్లేదు, పాతదానికి కావలసినంత మంది మనుషులూ అక్కర్లేదు. పాత టౌన్‌షిప్‌లో ఆగినవాళ్ళ పిల్లల్లో కొందరికి కాంట్రాక్టు పనులు దొరికాయని విన్నాను. కొందరు అప్పటికే నాలాగా హైదరాబాదు చేరి, రోజూ రెండు గంటలు ట్రాఫిక్‌లో కూర్చునే ఉద్యోగాల్లో కుదిరారు.

"గా 1.3 ఎవడు వెట్టిండు?" అన్నాడు కాసేపాగి. "పదిమంది నిలవడ్డా గంతే, వెయ్యిమంది నిలవడ్డా గంతేనా?"

అంతే. నిష్పత్తి ఎంత పెరిగినా లెక్క 1.3 దగ్గర ఆగిపోతుంది. మా అమ్మాయి అప్పటికి తన ఆట వదిలి వచ్చి నిలబడింది. "తీసేయ్ నాన్నా ఆ హద్దు, ఏమవుతుందో చూద్దాం" అంది. 3 పెట్టాను. పసుపు పట్టీ చివరంటా లేచింది. గీసిన గళ్ళన్నీ నిండాయి, నేను గీయడం ఆలస్యం అన్నట్టు ఫ్యాక్టరీలు లేస్తున్నాయి. అంతలో ఊళ్ళో సగం గళ్ళ మీద కరెంటు లేదన్న మెరుపు గుర్తు. ఖజానాలో డబ్బుంది. నది ఒడ్డున ఖాళీ చూసి 3,000 డాలర్లు పెట్టి బొగ్గుతో నడిచే విద్యుత్ కేంద్రం ఒకటి దింపాను. వెంటనే పొగ లేచింది, మెరుపు గుర్తులు పోయాయి.

బాపు కుర్చీ ముందుకు జరుపుకుని స్క్రీన్ మీదికి వంగాడు. మ్యాపు ఈ కొస నుంచి ఆ కొసదాకా వేలితో వెతికాడు.

"దీనికి బొగ్గు ఏ బాయి నుంచి వస్తది?"

"బాయి ఉండదు తాతా. ప్లాంటు పెడితే చాలు, అదే నడుస్తుంది."

ఆయన మా అమ్మాయిని కాసేపు అనుమానంగా చూశాడు. అరవై మెగావాట్లనుకున్నా, వంద అనుకున్నా రోజుకు బొగ్గు ఎన్ని టబ్బులు కావాలో వేళ్ళ మీద లెక్క మొదలుపెట్టాడు. మూడు షిఫ్టులు, కట్టర్లు, ఫిల్లర్లు, టింబర్‌మన్లు, ట్రామర్లు, లాంప్ రూముకు ఇద్దరు, నాగాలు పెట్టేవాళ్ళకు బదిలీ ఇంకొంతమంది.

"బాయి ఒకటి తవ్వుండ్రి ముందుగాల," అన్నాడు. "మరి గింతమందికి క్వార్టర్లు ఏడ కడతరు? జాగంత ఫ్యాక్టరీలకే ఇడిస్తిరి."